తెలియదని చెప్పుకునే చోటు

మొన్న దసరా సెలవులకు మా తమ్ముడి కూతురు ఇంటికి వచ్చింది. వైద్యకళాశాలలో మూడో సంవత్సరం చదువుతోంది. వచ్చీ రాగానే వాలుకుర్చీలో కూలబడి, పాదాలు రెండూ ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీద చాపుకుని చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండిపోయింది. కాఫీ తాగాక అడిగింది: "పెదనాన్నా, మీ రోజుల్లో వార్డు పోస్టింగులప్పుడు ఎక్కడ కూర్చునేవారు?"

"కూర్చునేవాళ్ళం కాదు తల్లీ" అని నవ్వేశాను గానీ, ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంటే ఆ జవాబు పూర్తిగా నిజం కాదని తోచింది. మేము కూర్చునేవాళ్ళం. వార్డుకు రెండు వైపులా పొడుగాటి వరండాలుండేవి. వాటికి నడుమెత్తు పిట్టగోడ. ఆచార్యులవారు రౌండ్లు ముగించి అటు తిరగగానే మేమంతా కాకుల్లా ఆ పిట్టగోడ మీద వాలేవాళ్ళం. పుస్తకాలు తెరిచేదీ, ఒకరి తప్పులు ఒకరం దిద్దుకునేదీ, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు చదువుకునేదీ అక్కడే. మర్నాడు ఆ మాట చెబితే ఆ పిల్ల "మాకు పిట్టగోడ కూడా లేదు పెదనాన్నా, అంతా ఏసీ బ్లాకు" అంది. ఈ నాలుగు మాటలూ రాయడానికి ఆ జవాబే కారణం.

వైద్యవిద్యార్థుల మనోవేదనల గురించి ఇవాళ అందరూ మాట్లాడుతున్నారు. మాట్లాడవలసిందే. జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. అందులోని సర్వేకు 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు జవాబులిస్తే, 27.8 శాతం మంది తమకు ఏదో ఒక మానసిక రుగ్మత నిర్ధారణ అయిందని చెప్పారు. పీజీ విద్యార్థుల్లో 31.2 శాతం మంది ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు. ఎవరికి వారే ముందుకొచ్చి జవాబిచ్చిన సర్వే కనుక అంకెలు కొంత అటూ ఇటూ కావచ్చునేమో, అందులో సగమే నిజమనుకున్నా గుండె గుభేలుమంటుంది. దీనికి విరుగుడుగా కళాశాలలు చేస్తున్నవేమిటి? యోగా దినోత్సవం, ఒక ఫోన్ నంబరు, ఒక కౌన్సిలరు, గోడ మీద "ఒత్తిడిని జయించండి" అని ఒక అట్ట. ఇవి పనికిమాలినవని నేననను. కానీ ఒత్తిడి పుట్టే చోటు ఎలా ఉందో, దాని గోడలూ తలుపులూ ఎలా ఉన్నాయో ఎవరూ చూడరు. నా వాదమల్లా అదే. బోధనాసుపత్రిలో విద్యార్థికంటూ ఒక చోటు లేదు. ఆ లోటుకు మూల్యం చెల్లించేది విద్యార్థి ఒక్కడే కాదు, రోగి కూడా.

ఎలాగో చెప్పాలంటే నేను చేసిన ఒక పని చెప్పుకోవాలి. నలభయ్యేళ్ళుగా ఇది ఎవరికీ చెప్పలేదు.

నేను చదివింది మన రాష్ట్రంలోనే ఒక ప్రభుత్వ కళాశాలలో. పేరెందుకులెండి. మెడిసిన్ వార్డులో పోస్టింగు. మంచం మీద కల్లుగీత కార్మికుడొకడు, నలభయ్యేళ్ళుంటాయి. జ్వరం, కుడి డొక్కలో నొప్పి. మేం పదిహేను మందిమి మంచం చుట్టూ మూగాం. ఒకరి తరువాత ఒకరం అతని కాలేయం నొక్కి చూశాం. ప్రతి చేయి పడినప్పుడూ అతను పళ్ళు బిగబట్టేవాడు. పదిహేను చేతులూ అయ్యాక ఆచార్యులవారు నావైపు చూసి, కాలేయం పెరగడానికి కారణాలు చెప్పమన్నారు. నాకు ముచ్చెమటలు పోశాయి. వెనక నవ్వు వినబడుతోంది. ఏదో ఒకటి అనాలి గనుక, నోటికి మొదట వచ్చిన మాట అనేశాను: "క్యాన్సర్, సార్."

ఆ జవాబు తప్పేమీ కాదు. కారణాల పట్టికలో అదీ ఒకటి. కాకపోతే జ్వరమూ, అంత నొప్పీ ఉన్నచోట మొదట తలచుకోవలసింది అమీబా వల్ల కాలేయంలో ఏర్పడే చీముగడ్డను. ఆచార్యులవారు నా బుర్రలో ఏముందో అందరికీ వినబడేలా వర్ణించి, మరొకడి వైపు తిరిగారు. వాడు సరిగ్గా చెప్పాడు. మందులిచ్చి, అవసరమైతే సూదితో చీము తీసేస్తే నయమయ్యే జబ్బు. పాఠం ముగిసింది. అంతా ఇంగ్లీషులోనే జరిగింది. కానీ ఆ మనిషికి ఇంగ్లీషులో ఒక్క మాట తెలుసు. ఆ మాట నేనన్నదే.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మంచం ఖాళీ. కేసు షీటు మీద "ఆబ్‌స్కాండెడ్" అని ఎర్ర సిరాతో రాసి ఉంది. రాత్రి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడట. భార్యతో "ఉన్న నాలుగు రూపాయలూ వీళ్ళకు పొయ్యడమెందుకు, ఇంటికి పోయి పిల్లల దగ్గర ఉంటాను" అన్నాడని పక్క మంచం ముసలాయన చెప్పాడు. ఆ ఊరేదో, ఆ తరువాత ఏమైందో నాకు తెలియదు. ఆ రోజు నేను మెట్ల కింద, ఆక్సిజన్ సిలిండర్లు పేర్చి ఉన్న మూల నిలబడి ఏడ్చాను. ఏడవడానికి ఆసుపత్రి మొత్తంలో నాకు దొరికిన చోటు అదే.

చాలా ఏళ్ళు ఈ సంఘటనలో తప్పు నాదో, ఆచార్యులవారిదో తేల్చుకోవాలని చూశాను. ఇప్పుడు తప్పంతా ఆ ఇద్దరిదేనని అనిపించడం లేదు. విద్యార్థి ఊహించాలి, తడబడాలి, నాలుగు తప్పులు చెప్పి ఐదోది ఒప్పు చెప్పాలి. అలా తప్ప ఈ విద్య రాదు. కానీ ఆ ఊహలన్నీ రోగి పొట్ట మీదనే చేయాలని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. వేరే చోటు లేకపోవడం వల్ల అలా జరిగిపోతోంది, అంతే. "నాకు తెలియదు" అని ధైర్యంగా చెప్పుకోవడానికి నాలుగు గోడలుంటే, అదే ఆచార్యులు, అదే విద్యార్థి, అదే ప్రశ్న ఉన్నా ఆ మనిషి ఆ రాత్రి లేచి వెళ్ళిపోయేవాడు కాదు. (ఆచార్యులవారు అప్పుడైనా నన్ను తిట్టేవారే, సందేహం లేదు. తలుపు వెనక తిట్టేవారు. ఆ తేడా చిన్నది కాదు.)

విద్యార్థిని నిలబెట్టి నేర్పడం మనం కనిపెట్టిన అలవాటు కాదు. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో 1594లో కట్టిన శరీరనిర్మాణ ప్రదర్శనశాల ఈనాటికీ ఉంది. కోలగా, గరాటులా కిందికి దిగే ఆరు అంతస్తుల కొయ్య వరుసలు, అడుగున శవాన్ని పడుకోబెట్టే బల్ల. వరుసల్లో కూర్చునే వీలే లేదు, నిలబడవలసిందే. మూర్ఛపోయినవాడు కింద పడకుండా కటకటాలే పట్టుకుంటాయని ఒక చమత్కారం ప్రచారంలో ఉంది. శవం ఏమీ వినదు గనుక అక్కడ ఎంత గట్టిగా మాట్లాడుకున్నా చెల్లింది. ఆ ఏర్పాటునే మనం బతికున్న మనిషి మంచం చుట్టూ తెచ్చిపెట్టుకున్నాం. హాలండులోని లైడెన్‌లో బోయెర్‌హావె పద్ధెనిమిదో శతాబ్దంలో రోగి పక్కన పాఠం చెప్పి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నాడు. ఆయన బోధనకు కేటాయించిన మంచాలెన్నో తెలుసా? పన్నెండు. ఆరు మగవారికి, ఆరు ఆడవారికి. మన దేశంలో ఇవాళ ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి. ఒక్కో కళాశాలలో ఏడాదికి నూటయాభై మంది, కొన్నిచోట్ల రెండువందల యాభై. మంచాలు పెంచారు, బెంచీలు పెంచారు. వార్డులో ఆ పిల్లలు ఎక్కడ నిలుస్తారన్న లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

వేరే రకంగా కట్టవచ్చునని నాకు మొదటిసారి తెలిసింది అమెరికాలో. మిత్రుడొకడు అక్కడ ఫ్యామిలీ మెడిసిన్ బోధిస్తాడు. ఒకసారి వెళ్ళినప్పుడు తన క్లినిక్కు తీసుకెళ్ళాడు. నడిమధ్యన ఒక గది, దాని చుట్టూ రోగుల్ని చూసే చిన్న గదులు. నేర్చుకుంటున్న డాక్టరు రోగిని ఒంటరిగా చూస్తాడు, "ఇప్పుడే వస్తాను" అని చెప్పి మధ్యగదిలోకి వస్తాడు. ఆ గదికి ప్రిసెప్టర్ రూము అని పేరు. అక్కడ గురువు కూర్చుని ఉంటాడు. శిష్యుడూ కూర్చుంటాడు. తాను చూసింది చెబుతాడు, తనకేమనిపించిందో చెబుతాడు, తెలియనిది తెలియదంటాడు. ఐదు నిమిషాల తరువాత ఇద్దరూ కలిసి రోగి దగ్గరకు వెళ్ళి నిర్ణయం చెబుతారు. అరగంటలో ఒక కుర్రాడి నోట "ఐ డోంట్ నో" అన్న మాట ఆరుసార్లు విన్నాను. ఒక్కసారి కూడా ఎవరూ నవ్వలేదు. మా వార్డులో ఏడాది మొత్తానికి ఆ మాట ఆరుసార్లు పలకలేదు. పలికే ధైర్యం మాకు లేదు.

అక్కడంతా స్వర్గమని చెప్పబోవడం లేదు. అక్కడి యువవైద్యుల అలసటా, ఆత్మహత్యలూ జగమెరిగినవే. ఆ మధ్యగదిలో ఇవాళ అందరూ తలో కంప్యూటరు ముందు తలొంచుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా టైపు కొడుతున్నారని మిత్రుడే వాపోయాడు. అయినా గది అంటూ ఉంది. ఆ దేశంలో పీజీ శిక్షణకు గుర్తింపునిచ్చే సంస్థ 2017లో సవరించిన నిబంధనల్లో నిద్రకూ విశ్రాంతికీ నిశ్శబ్దమైన, శుభ్రమైన, ఏకాంతమైన గదులుండాలని రాసింది. బ్రిటన్‌లో వైద్యుల సంఘం 2018లో అలసట గురించి, వసతుల గురించి ఒక పత్రం తయారుచేస్తే, మరుసటేడు ఇంగ్లండు ఆసుపత్రుల్లో విశ్రాంతి గదులు బాగుచేయడానికి ప్రభుత్వం కోటి పౌండ్లిచ్చింది. సోఫాకూ కెటిల్‌కూ సర్కారు డబ్బేమిటని నవ్వేవాళ్ళు అక్కడా ఉండే ఉంటారు.

మన నిబంధనల్లో మాత్రం లేదా అంటే, ఉంది! వార్డు అన్నాక డ్యూటీ డాక్టర్ల గది ఉండాలి, విద్యార్థులకు పాఠం చెప్పే డెమాన్‌స్ట్రేషన్ రూము ఉండాలి. తనిఖీకి వచ్చినవారు చూసి టిక్కు పెట్టుకుంటారు కూడా. తనిఖీ రోజున ఆ గదిలో తెల్లబోర్డూ కుర్చీలూ ప్రత్యక్షమవుతాయి. తనిఖీ బృందం కారెక్కాక కుర్చీలు సూపరింటెండెంటు ఆఫీసుకు తిరుగుముఖం పడతాయి. గది తలుపుకు తాళం పడుతుంది. ఆ తరువాత అందులోకి చేరేవి విరిగిన మంచాలు, చక్రం ఊడిన స్ట్రెచర్లు, సెలైను స్టాండ్లు. ప్రభుత్వాసుపత్రిలో విరిగిన మంచాన్ని బయటపడేయడం సామాన్యమైన పని కాదని తెలిసినవారికి తెలుసు. దాన్ని కండెమ్ చేయాలి, అందుకు కమిటీ కూర్చోవాలి, కమిటీ కూర్చోవాలంటే ఫైలు కదలాలి. ఈలోగా మంచానికి గది దొరికింది. విద్యార్థికి దొరకలేదు.

నేను మటుకు ఏం చేశాను? ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అలాంటి గది ఒకటి మా వార్డు పక్కనే ఉండేది. ఒక్కనాడు తాళం తీయించలేదు. నన్ను నిలబెట్టినట్టే నేనూ పిల్లల్ని నిలబెట్టాను. గొంతు తగ్గించుకున్నానేమో, అంతే.

మా పిల్లను కూర్చోబెట్టి రోజంతా ఎలా గడుస్తుందో చెప్పమన్నాను. ఎనిమిదింటికి వార్డుకు వెళుతుంది. సంచి పెట్టుకోవడానికి కొక్కెం కూడా లేదు. కిటికీ గట్టు మీదో, నేల మీదో పడేస్తారు. పోయినా అడిగే దిక్కు లేదు. ఔట్‌పేషెంటు గదిలో ఒక బల్ల, ముగ్గురు డాక్టర్లు, నాలుగు కుర్చీలు. వాళ్ళ వెనక గోడకు ఆనుకుని పన్నెండు మంది విద్యార్థులు. తలుపు దగ్గర తోపులాడుకునే రోగులు. ఒక స్త్రీ తన బాధ చెప్పుకోవాలంటే ఇంత మందీ వింటారు. ఇక ఆ తరువాత చెప్పింది నాకు కొత్త. నేనెప్పుడూ అడగలేదు గనుక కొత్త. ఆడపిల్లలు పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగరట. తాగితే మరుగుదొడ్డి వెతుక్కోవాలి. రోగుల మరుగుదొడ్డికి పోలేరు, స్టాఫు మరుగుదొడ్డి తాళం సిస్టరు దగ్గర ఉంటుంది, ప్రతిసారీ అడిగితే విసుక్కుంటుంది. మా బ్యాచిలో మూడోవంతు అమ్మాయిలే ఉండేవారు. వాళ్ళూ ఇలాగే గడిపారన్నమాట. మాకు పిట్టగోడ ఉంటే చాలనిపించింది, మా పక్కన కూర్చున్నవాళ్ళకు ఏం కావాలో తోచలేదు.

ఈ మాటల దగ్గర కలకత్తా గుర్తుకు రాక మానదు. 2024 ఆగస్టు 9న ఆర్.జి.కర్ వైద్యకళాశాలలో సుదీర్ఘమైన డ్యూటీలో ఉన్న పీజీ వైద్యురాలు అత్యాచారానికీ హత్యకూ గురైంది. ఆమె కాస్త నడుం వాల్చడానికి వెళ్ళింది సెమినారు హాలులోకి. ఎందుకంటే వెళ్ళడానికి వేరే గది లేదు. ఆగస్టు 20న సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమిస్తూ రాత్రి డ్యూటీలవారికి విశ్రాంతి గదులు లేవనీ, ఆడవారికీ మగవారికీ వేర్వేరు డ్యూటీ గదులు కనబడవనీ తన ఉత్తర్వులో ప్రత్యేకంగా పేర్కొంది. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఆ నెలలోనే ప్రకటించిన చర్యల్లో మరుగుదొడ్డితో కూడిన విశ్రాంతి గదుల మాటా ఉంది, వీలైనంతవరకు ఆడవారికి రాత్రి డ్యూటీలు తప్పించాలన్న మాటా ఉంది. రెండోదాన్ని సెప్టెంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. గది కట్టడం కన్నా మనిషిని తీసేయడం తేలికని తోచడం మన పాలకులకు కొత్త కాదు.

కనుక గది అంటే ఏదో ఒక మూల నాలుగు గోడలు కట్టి తలుపు పెట్టడం కాదు. ఎక్కడుండాలన్నది ముఖ్యం. కారిడారు చివర, లిఫ్టు వెనక, ఖాళీ అంతస్తులో ఉన్న గది గది కాదు, ఉచ్చు. అది వార్డులోనే, సిస్టర్లు కూర్చునే బల్లకు కనుచూపు మేరలో ఉండాలి. లోపలినుంచి గడియ పడాలి. లోపల ఎవరైనా ఉన్నదీ లేనిదీ బయటికి తెలిసేలా తలుపులో నిలువుగా ఒక గాజుపట్టీ ఉండాలి. పాఠం గదినీ నిద్ర గదినీ ఒకటి చేయకూడదు. ర్యాగింగు చూసినవారికి ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో వేరే చెప్పనక్కరలేదు. పాఠం గదిలో పదిహేను మందికి బెంచీలు, అవీ గుండ్రంగా వేసినవి, ఎవరూ ఎవరి వెనకా దాక్కోకుండా. వార్డులో మాట్లాడిన మాట గదిలోకీ, గదిలో మాట్లాడిన మాట వార్డులోకీ వినబడకూడదు. అందుకు చెక్క పార్టిషన్లు చాలవు, పైకప్పు దాకా గోడ కావాలి. గోడకు వరుసగా కొక్కేలు, తాళం వేసుకునే అరలు. మంచినీళ్ళు. పక్కనే మరుగుదొడ్డి, దాని తాళంచెవి ఎవరినీ అడగనక్కర లేకుండా. చివరిగా ఒక కిటికీ.

కిటికీ విలాసమని అనకండి. రోజర్ ఉల్రిక్ అనే ఆయన 1984లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవారిలో 23 మంది కిటికీలోంచి చెట్లు కనబడేవి, వారితో పోల్చదగిన మరో 23 మందికి ఇటుక గోడ కనబడేది. చెట్లు కనబడినవారు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పిమాత్రలు తక్కువ వాడారు. నాలుగురోజుల రోగికే అంత అవసరమైతే, ఐదున్నరేళ్ళు అక్కడే గడిపే పిల్లలకు అక్కరలేదా? పాతకాలపు ఆసుపత్రులు కట్టినవారు ఈ వ్యాసాలేవీ చదవలేదు, ఎండా గాలీ చదివారు. ఎత్తైన కప్పులు, ఎదురెదురు కిటికీలు, బారెడు వరండాలు. ఇప్పటి బ్లాకుల్లో నడిమధ్యన చీకటి కారిడారు, అటూ ఇటూ గదులు. వరండా ఎవరికీ కేటాయించిన చోటు కాదు గనుక ప్లానులోంచి దాన్ని తీసేసినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. విద్యార్థులకు దక్కిన ఒక్క చోటూ అలా పోయింది. పాత కట్టడాలను మెచ్చుకుంటున్నానని వాటిలోనే పడి ఉండమనడం లేదు. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వాననీరు చేరి రోగుల్ని తరలించవలసి వచ్చిన సంగతి మరువలేం. కొత్తవి కట్టవలసిందే. కట్టేటప్పుడు వరండాకు ఏది బదులో అడగాలంతే.

"రోగులకే మంచాలు లేవు, ఇద్దరేసి చొప్పున పడుకుంటున్నారు, నువ్వు పిల్లలకు గదులంటావా?" అని కోప్పడే మిత్రులుంటారు. ఈ ప్రశ్న బరువైనదే. నేలమీద పడుకున్న రోగిని దాటుకుంటూ నడిచినవాణ్ణి, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ నేనడిగిన గదిలో అదనంగా రెండు మంచాలు పడతాయేమో, మూడు పడవు. ఆ గది లేకపోవడం వల్ల తన జబ్బు గురించి పదిహేను మంది చేసే ఊహాగానాలు విని భయపడే రోగులు రోజూ ఎంతమందో లెక్క వేయండి. అందరి ముందూ చీరె తొలగించవలసి వచ్చిందని మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కని ఆడవారిని లెక్కవేయండి. మంచం పక్కన పాఠం వద్దనడం లేదు. కామెర్ల కళ్ళు, గుండె చప్పుడు, ఉబ్బిన ప్లీహం రోగి దగ్గరే చూడాలి, చేయి పట్టుకుని చూపించాలి. చూసింది తెలుగులో అతనికీ చెబితే సంతోషిస్తాడు కూడా. మంచం పక్కన ఒక ముక్కాలిపీట వేసి కూర్చుని మాట్లాడితే మరీ మంచిది. ఊహలూ, తప్పులూ, తిట్లూ మాత్రం గదిలోకి తీసుకెళ్ళండి.

సెలవులయ్యాక మా పిల్లను రైలెక్కించడానికి వెళ్ళినప్పుడు అడిగాను, మీ వార్డు పక్కన తాళం వేసిన గది ఏదైనా ఉందా అని. కాసేపు ఆలోచించి, ఉందంది. తలుపు సందులోంచి చూస్తే మంచాల కాళ్ళు కనబడతాయట. ఏ వైపు ఉంది, కిటికీ ఉందా అని అడిగాను. తూర్పు వైపు ఉంది, కిటికీ ఉండే ఉంటుంది, అద్దానికి పాత ఎక్స్‌రే ఫిల్ములు అంటించి ఉన్నాయి అంది. తాళంచెవి హెడ్ సిస్టరు దగ్గరుందో, స్టోర్సులో ఉందో కనుక్కుని ఫోను చేస్తానంది.